అర్నీస్, ఎస్క్రీమా, కాలీ: ఫిలిప్పీన్స్ కర్ర, కత్తి విద్యలో వినిపించే మాటలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిలిప్పీన్స్ కర్ర విద్య క్లాసులో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారంలో చేతులకంటే చెవులే ఎక్కువ అలసిపోతాయి. గురువు ఒక మాట స్పానిష్‌లో అంటారు, ఇంకోటి తగలాగ్‌లో, మరోటి సెబువానోలో. మధ్యమధ్యలో ఇంగ్లిష్. పక్క స్కూల్ వీడియో చూస్తే అదే కదలికకు వేరే పేరు ఉంటుంది. అందుకే ఇక్కడ ముఖ్యమైన మాటలకు రెండు విషయాలు చెప్పడానికి ప్రయత్నించాను: ఆ మాట ఎక్కడిది, అది వినగానే చెయ్యి ఏం చెయ్యాలి.

అర్నీస్, ఎస్క్రీమా, కాలీ మూడూ ఒకటేనా?

మూడూ ఒకే కుటుంబం. పొట్టి కర్ర, కత్తి, బాకు, వట్టి చేతులు అన్నీ ఒకే సూత్రాల మీద నడిచే ఫిలిప్పీన్స్ యుద్ధవిద్యలకు ఇవి మూడు పేర్లు. స్థూలంగా చెప్పాలంటే ఉత్తరాన లుజోన్ వైపు అర్నీస్ అంటారు. మధ్యలో ఉన్న విసాయాస్ దీవుల్లో, ముఖ్యంగా సెబూలో, ఎస్క్రీమా అంటారు. కాలీ అన్న పేరు అమెరికాలో నేర్చుకున్నవాళ్ళ ద్వారా ప్రపంచమంతా పాకింది. డాన్ ఇనొసాంతో లాంటి గురువుల వల్ల ఆ పేరు బాగా స్థిరపడింది. ఇవి గీత గీసినట్టు ఉండే హద్దులు కావు. నెగ్రోస్ దీవిలో పుట్టిన రెమీ ప్రెసాస్ తన పద్ధతికి మోడర్న్ అర్నీస్ అని పేరు పెట్టారు.

ఎస్క్రీమా అన్నది స్పానిష్ ఎస్గ్రీమా, అంటే కత్తియుద్ధం. అర్నీస్ మూలం స్పానిష్ అర్నెస్, అంటే యోధుడి కవచం, సామగ్రి. ఈ మాట ఫిలిప్పీన్స్‌లో ఎంత పాతదో తెలియడానికి ఒక మంచి ఆధారం ఉంది. ఫ్రాన్సిస్కో బలగ్తాస్ 1838 నాటి తగలాగ్ కావ్యం ఫ్లోరాంతె అత్ లౌరాలో ఒక వేడుకను వర్ణిస్తూ కుస్తీతో పాటు అర్నెస్ ఆట గురించి చెప్తాడు.

2009 డిసెంబర్‌లో రిపబ్లిక్ యాక్ట్ 9850 ద్వారా ఫిలిప్పీన్స్ ప్రభుత్వం అర్నీస్‌ను జాతీయ యుద్ధవిద్యగా, జాతీయ క్రీడగా ప్రకటించింది. ఎస్క్రీమా, కాలీ, గరోతె అనే పేర్లు కూడా దీనివేనని ఆ చట్టమే రాసింది. కాబట్టి "మాది కాలీ, మీది ఉట్టి అర్నీస్" అని ఎవరైనా వాదిస్తే ఆ వాదనకు పెద్దగా విలువ ఇవ్వనక్కర్లేదు.

కాలీ అంటే మన కాళికాదేవి పేరా?

తెలుగువాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. కాదు. ఆ పేరుకూ అమ్మవారికీ సంబంధం ఉందనడానికి ఎలాంటి ఆధారమూ లేదు. కత్తికి కలిస్ అని పాత పేరు ఉంది, దాని నుంచి వచ్చిందని కొందరు అంటారు. సెబువానోలో చెయ్యి అనే అర్థమున్న కమోత్, కదలిక అనే అర్థమున్న లిహోక్, ఈ రెండింటి మొదటి అక్షరాలు కలిపితే కాలీ అయిందని ఇంకొందరు చెప్తారు. ఈ రెండోది తర్వాత అల్లిన వ్యుత్పత్తిలా నాకు కనిపిస్తుంది. 1957లో వచ్చిన ఒక అర్నీస్ పుస్తకంలో కాలీని ఈ విద్యకు ప్రాచీన నామంగా రాశారు. అక్కడి నుంచి ఆ మాట చాలామంది నోట పడింది.

మన భాషలతో నిజంగా బంధమున్న మాట వేరే ఉంది. అది గురో. తగలాగ్‌లో టీచర్‌ను గురో అంటారు. అది సంస్కృత గురు శబ్దమే, మలయ్ మీదుగా అక్కడికి చేరింది. ఈ విద్యలో నేర్పేవాళ్ళను పిలిచే అతి మామూలు పిలుపు కూడా అదే.

లాపులాపు ఇదే విద్యతో మెజెలాన్‌ను చంపాడా?

1521 ఏప్రిల్ 27న మక్తాన్ దీవి తీరాన, అక్కడి నాయకుడు లాపులాపు మనుషుల చేతిలో, స్పెయిన్ తరఫున వచ్చిన నావికుడు మెజెలాన్ చనిపోయాడు. ఇది చరిత్ర. అక్కడే ఉండి చూసి రాసిన పిగఫెత్తా వెదురు ఈటెలు, నిప్పులో కాల్చి గట్టిపరచిన కర్రలు, బాణాలు, కాలి మీద పడిన పెద్ద కత్తి దెబ్బ గురించి చెప్పాడు. విద్యకు పేరేమిటో ఆయన రాయలేదు. అర్నీస్, ఎస్క్రీమా అన్న స్పానిష్ పేర్లు ఆ రోజుకు అక్కడ ఉండే అవకాశమే లేదు. ఆ యోధుల నైపుణ్యాన్ని గౌరవించడానికి ఇవాళ్టి పేరును వాళ్ళకు అంటించాల్సిన పని లేదు.

మరి ఇన్ని స్పానిష్ మాటలు ఎందుకు ఉన్నాయి?

1565 నుంచి 1898 దాకా స్పెయిన్ పాలన సాగింది. అన్నేళ్ళలో అంకెలు, వారాలు, వంటింటి సామాన్లు అన్నిటిలోకీ స్పానిష్ దిగిపోయింది. మనం టేబుల్, కుర్చీ, తాలూకా అన్నంత మామూలుగా వాళ్ళు బస్తోన్ (కర్ర), మానో (చెయ్యి), లార్గో (దూరం) అంటారు. అవి ఇప్పుడు వాళ్ళ సొంత మాటలే. పలుకుబడి కూడా మారిపోయింది: క్వాత్రో అన్న నాలుగు కువాత్రో అయింది, ఓచో అన్న ఎనిమిది ఓత్సో అయింది.

చెవి అలవాటు పడటానికి ఒక ఉపాయం ఉంది. ఆయుధం పేరు, దూరం, అంకె, దెబ్బ ఆకారం చాలావరకు స్పానిష్ నుంచి వస్తాయి. గురువు ఇచ్చే ఆజ్ఞ, గౌరవ పదం తగలాగ్ అయ్యుంటుంది. చెయ్యి చేసే సూక్ష్మమైన పని తగలాగ్‌లోనో, సెబువానో, హిలిగైనోన్ లాంటి విసాయా భాషల్లోనో ఉంటుంది.

కర్రను ఏమని పిలవాలి? ఏ కర్ర కొనాలి?

బస్తోన్ అంటే ఎక్కడైనా అర్థమవుతుంది. తగలాగ్‌లో యంతోక్ అంటారు, అది నిజానికి పేము తీగ పేరు. సెబూలో ఓలిసి అంటారు. గరోతె అనే మాట కూడా వాడుకలో ఉంది.

మామూలు సాధన కర్ర పేముతో చేసింది, పొడవు సుమారు 28 అంగుళాలు. పద్ధతిని బట్టి, మనిషి చేతి పొడవును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. పేమునే ఎందుకు వాడతారంటే అది తేలిక, పైగా దెబ్బకు ఫట్‌మని విరిగి మొనలు లేవదు. పీచుపీచుగా చీలుతుంది. అంతవరకూ ఎదుటివాడి కళ్ళు క్షేమం. పీచు లేచిన చోట టేపు చుట్టి ఇంకొన్నాళ్ళు వాడేవాళ్ళు చాలామంది.

బహి, కమగోంగ్ అన్నవి గట్టి కర్రలు. బహి తాటి జాతి చెట్టు కలప. కమగోంగ్ నల్లగా, ఇనుపముక్కలా బరువుగా ఉంటుంది. బీడీలకు ఆకులిచ్చే మన తునికి చెట్టు ఉందే, ఆ జాతికే చెందిన చెట్టు అది. ఫిలిప్పీన్స్‌లో దాన్ని అనుమతి లేకుండా నరకకూడదు. ఈ రెండూ ఒంటరి సాధనకే పనికొస్తాయి. జోడీతో కొట్టుకునే డ్రిల్‌కు కమగోంగ్ తేవద్దు, ఒక్క పొరపాటుకే వేలి ఎముక విరుగుతుంది.

కర్ర పట్టుకున్నప్పుడు పిడికిలి కింద నుంచి బయటికి కనిపించే చివరి ముక్క పేరు పున్యో. స్పానిష్‌లో పున్యో అంటే పిడికిలి. కొత్తవాళ్ళు ఈ ముక్కను పట్టించుకోరు. దగ్గరి పోరులో దెబ్బ కొట్టేది, ఎదుటి మణికట్టును కొక్కెంలా లాగేది, కర్ర ఊడబెరికేది అంతా పున్యోతోనే. కర్రను మరీ కొసకు పట్టుకుంటే పున్యో లేకుండా పోతుంది. అందుకే పిడికిలి కింద ఇంకో పిడికిలి పట్టేంత వదిలి పట్టుకోమని చెప్తారు.

"నంబర్ ఫైవ్" అంటే ఏ దెబ్బ?

ఏ స్కూల్ అని అడక్కుండా దీనికి జవాబు చెప్పలేం. ఫిలిప్పీన్స్ పద్ధతులు దెబ్బకు పేరు పెట్టేముందు దిక్కుకు అంకె ఇస్తాయి. కర్రైనా, కత్తైనా, వట్టి చెయ్యైనా అదే దారిలో వస్తే అదే అంకె. ఆయుధం మారినా పాఠం మారకపోవడానికి కారణం ఇదే. ఈ అంకెల వరసను నుమెరాదో అనీ, మొట్టమొదటి ఓనమాల పాఠాన్ని అబెసెదారియో అనీ అనేవాళ్ళున్నారు.

మోడర్న్ అర్నీస్ 12 దెబ్బలు ఇవీ. 1 ఎదుటివాడి ఎడమ కణత, 2 కుడి కణత. 3 ఎడమ భుజం వైపు, 4 కుడి భుజం వైపు. 5 పొట్టలోకి పోటు. 6 ఎడమ ఛాతీకి పోటు, 7 కుడి ఛాతీకి. 8 కుడి మోకాలు, 9 ఎడమ మోకాలు. 10 ఎడమ కన్ను, 11 కుడి కన్ను. 12 నడినెత్తి. కుడి, ఎడమ అన్నవి ఎదుటివాడివే, మనవి కావు. ఈ ఒక్క ముక్క స్పష్టంగా చెప్పకపోతే క్లాసు మొత్తం గందరగోళం అవుతుంది.

ఇంకో స్కూల్‌కు వెళ్తే 12 ఉన్నా వరస మారిపోతుంది. కొన్ని చోట్ల అయిదే దెబ్బలుంటాయి, వాటిని సింకో తెరోస్ అంటారు. అందుకే ఇద్దరు వేర్వేరు స్కూళ్ళవాళ్ళు కలిసి సాధన చేసేటప్పుడు "ఫైవ్ కొట్టు" అనకుండా "పొట్టలోకి పొడువు" అనుకోవడం క్షేమం.

అంకెలు ఏ భాషలో లెక్కపెడతారు?

రెండింటిలోనూ. స్పానిష్ వరస: ఊనో, దోస్, త్రెస్, కువాత్రో, సింకో, సైస్, సియెతె, ఓత్సో, నువెబె, దియెస్, ఓన్సె, దోసె. తగలాగ్ వరస: ఇసా, దలవా, తత్లో, అపాత్, లిమా, అనిమ్, పితో, వలో, సియమ్, సంపూ. దెబ్బల అంకెకు స్పానిష్, కసరత్తు లెక్కకు తగలాగ్ వాడే గురువులు ఉన్నారు. అలా వాడితే రెండూ కలిసిపోకుండా ఉంటాయి.

సినవాలి అంటే ఏమిటి? అందరూ దాంతోనే ఎందుకు మొదలుపెడతారు?

సవాలి అంటే వెదురు తడిక. మన పల్లెల్లో దొడ్డికి, వంటపాకకు కట్టే తడిక లాంటిదే ఫిలిప్పీన్స్ గుడిసెల గోడ. రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, తడిక అల్లినట్టు ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ కొట్టే వరసే సినవాలి. రెండు కర్రల సాధనను దోబ్లె బస్తోన్ అని కూడా అంటారు. ఒక కర్రైతే సోలో బస్తోన్.

అందరికీ పరిచయమైన ఆరు దెబ్బల వరసను నిదానంగా చూద్దాం. కుడి కర్ర కుడి భుజం మీద, ఎడమ కర్ర కుడి చంక కింద పెట్టుకుని నిలబడండి. ఒకటి: కుడి చేత్తో పైనుంచి, లోపలికి. రెండు: చంక కింద ఉన్న ఎడమ కర్ర బయటికి, ఎదురుదెబ్బలా. ఇది కిందికి, మోకాలి ఎత్తున. మూడు: కుడి చెయ్యి తిరిగి పైన, ఈసారి వెనకచేతి వాటంగా. ఇది తగిలే సమయానికి ఎడమ కర్ర ఎడమ భుజం ఎక్కి ఉండాలి, కుడి కర్ర తిరిగొచ్చి ఎడమ చంక కింద దూరాలి. ఇప్పుడు అద్దంలో చూసినట్టు ఎడమ నుంచి మొదలు: నాలుగు, అయిదు, ఆరు. ఎదురుగా జోడీ ఉంటే ఇద్దరి కర్రలూ ఆరుసార్లు తగులుతాయి.

దెబ్బల ఎత్తును బట్టే పేర్లు మారతాయి. ఆరూ పైనే కొడితే ఇంగ్లిష్‌లో హెవెన్ అంటారు, ఆరూ కింద కొడితే ఎర్త్, పైన-కింద-పైన అయితే స్టాండర్డ్. ఈ ఇంగ్లిష్ పేర్లు అమెరికా శిష్యుల వల్ల వ్యాపించినవి.

మొదట దీన్నే ఎందుకు నేర్పుతారంటే ఎడమ చెయ్యి కోసం. మామూలుగా బద్ధకంగా వేలాడే చెయ్యి సినవాలిలో కుడి చేతితో సమానంగా పని చెయ్యక తప్పదు. ఇంకో కారణం కూడా ఉంది. పాత కాలపు సాధనలో కర్రకు కర్ర తగిలించేవాళ్ళు కాదు, నేరుగా ఎదుటివాడి చేతి మీదే కొట్టేవాళ్ళు. వేళ్ళు వాచిపోయి నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు మానేసేవాళ్ళు. రెమీ ప్రెసాస్ దాన్ని మార్చి, సాధనలో కర్ర మీద కర్ర కొట్టే పద్ధతిని ముందుకు తెచ్చారు. ఈ విద్య బడుల్లోకి, కాలేజీల్లోకి వెళ్ళగలిగిందంటే ఆ మార్పు చాలా పెద్ద కారణమని నా నమ్మకం.

అబనీకో, రెదోందా, సుంకీతి... ఇవన్నీ దెబ్బల పేర్లేనా?

అవును, ఇవి దెబ్బ గీసే ఆకారానికి పెట్టిన పేర్లు. అర్థం తెలిస్తే కదలిక దానంతట అదే గుర్తుంటుంది.

అబనీకో అంటే విసనకర్ర. మోచెయ్యి పెద్దగా కదలదు. మణికట్టు ఒక్క తిప్పుతో కర్ర కొస అటు కణత మీద పడి, తిరిగి ఇటు కణత మీద పడుతుంది. చూడ్డానికి చిన్నదే గానీ ఆపడం కష్టం, ఎందుకంటే మొదటి దెబ్బను ఆపిన చెయ్యి రెండోదానికి తప్పు దిక్కులో ఉంటుంది.

రెదోందా అంటే గుండ్రం, కర్ర పూర్తి చుట్టు తిరిగి వస్తుంది. రొంపిదా పైకీ కిందికీ నిలువు కోత. బాందా-బాందా ఈ పక్క నుంచి ఆ పక్కకు అడ్డ కోత. ఓత్సో-ఓత్సో ఎనిమిది అంకె ఆకారం. క్రొసాదా అంటే కత్తెరలా దాటడం. పాయోంగ్ అంటే గొడుగు: కర్రను తల మీదుగా ఏటవాలుగా వాల్చి, పైనుంచి వచ్చే దెబ్బను భుజం పక్కకు జారనివ్వడం.

సలోక్-సబోయ్ అంటే నీళ్ళు ముంచి చల్లడం. కింది నుంచి పైకి లేచే దెబ్బ అది. నాకు అన్నిటికంటే ఇష్టమైన పేరు సుంకీతి. తగలాగ్‌లో సుంకిత్ అంటే దోటితో కాయ కోయడం. మామిడికాయ తొడిమెకు దోటి తగిలించి చిన్నగా తిప్పి లాగినట్టే, పోటు పొడిచే ముందు మణికట్టు తిరుగుతుంది. దోటి పట్టిన చేతులకు ఈ దెబ్బ త్వరగా వస్తుంది.

వితిక్ అనేది చురుక్కుమనే దెబ్బ, తగిలి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. లోబ్తిక్ దానికి వ్యతిరేకం, లక్ష్యాన్ని దాటి పూర్తిగా సాగిపోతుంది. కర్రతో వితిక్ ఉపయోగం, కత్తితో లోబ్తిక్ ఉపయోగం. కర్ర విదిలిస్తే నొప్పి పుడుతుంది, కత్తి ఈడిస్తేనే తెగుతుంది. "కర్రా కత్తీ ఒకటే" అని పైపైన చెప్పేవాళ్ళతో నేను ఒప్పుకోనిది ఇక్కడే. దారులు ఒకటే గానీ దెబ్బ ముగిసే తీరు ఒకటి కాదు. పైగా పదును ఏ వైపుందో కత్తి పట్టినవాడు ప్రతి క్షణం గుర్తుంచుకోవాలి.

లార్గో, మెదియో, కోర్తో?

దూరం, నడిమి, దగ్గర. లార్గోలో మన కర్ర ఎదుటివాడి చేతిని మాత్రమే అందుకుంటుంది. మెదియోలో కర్ర తలను, ఒంటిని అందుకుంటుంది, ఖాళీ చేత్తో వాడి చేతిని ముట్టుకోగలం. కోర్తోలో పున్యో, మోచెయ్యి, మోకాలు, పట్లు. ఎద్గార్ సులితె తన పద్ధతికి పెట్టిన లమెకో అన్న పేరు ఈ మూడు మాటల మొదటి అక్షరాలే.

కర్ర లేని చేతికి పేరుందా?

ఉంది, చాలా గౌరవమున్న పేరు: బంతాయ్ కమాయ్, అంటే కావలి చెయ్యి. ఇంగ్లిష్‌లో లైవ్ హ్యాండ్ అంటారు. కర్ర కొడుతుంటే ఈ చెయ్యి ఎదుటివాడి చేతిని తోస్తుంది, అదిమి ఉంచుతుంది, లాగుతుంది. మోడర్న్ అర్నీస్‌లో తాపి-తాపి అనే సాధన అంతా ఈ చేతి చుట్టూనే తిరుగుతుంది.

హుబుద్-లుబుద్ పేరు వినే ఉంటారు. ముడి వెయ్యడం, విప్పడం అని దాని అర్థం చెప్తారు. ఒకరు కుడి చేత్తో పైనుంచి కొడతారు. రెండోవారు ఎడమ ముంజేత్తో ఆపి, కుడి చేతిని కింద నుంచి దూర్చి ఆ చేతిని అవతలి వైపుకు దాటిస్తారు. ఎడమ చెయ్యి వెంటనే దాన్ని మోచేతి దగ్గర అదుముతుంది, కుడి చెయ్యి తిరిగి కొడుతుంది. ఇప్పుడు మొదటివారి వంతు. ఇది ఆగకుండా తిరుగుతుంది. దీన్ని పోరు అనుకోకూడదు, ఇది స్పర్శకు ఇచ్చే శిక్షణ. ఎదుటి చేతి బరువు ఏ వైపు మొగ్గుతోందో చర్మంతో తెలుసుకోవడం దీని ఉద్దేశం. కళ్ళు మూసుకుని చేయించే గురువులూ ఉన్నారు.

సుంబ్రాదా కూడా ఇలాంటి చక్రమే గానీ కర్రతో, నడిమి దూరంలో: దెబ్బకు ఎదురుదెబ్బ, దానికి మళ్ళీ ఎదురుదెబ్బ. గుంతింగ్ అంటే కత్తెర. వచ్చే చేతిని రెండు వైపుల నుంచీ ఒకేసారి పట్టి కోసినట్టు కొట్టడం.

పాము కోరలు పీకడం అంటే?

కత్తి పట్టిన మనిషిని కాకుండా, కత్తి పట్టిన చేతిని కొట్టడం. ఇంగ్లిష్‌లో డీఫ్యాంగింగ్ ద స్నేక్ అంటారు. ఈ విద్యకు ప్రాణం లాంటి ఆలోచన ఇది, లార్గో దూరం ఉన్నదే దీనికోసం. ఎదుటివాడి చేతిలోంచి ఆయుధం ఊడబెరకడాన్ని అగావ్ అంటారు, అంటే లాక్కోవడం. క్లాసులో అగావ్ ఎంతో అందంగా కుదురుతుంది. బయట కదులుతున్న కత్తిని పట్టుకోబోతే వేళ్ళు తెగుతాయి. ముందు చేతిని దెబ్బ కొట్టి ఆ తర్వాతే అగావ్ ప్రయత్నించమని మంచి గురువులందరూ చెప్పేది అందుకే.

కత్తుల పేర్లు?

బోలో, ఇతాక్ అంటే పొలంలో, ఇంట్లో వాడే పని కత్తులు. పినూతి సెబూ వైపు కత్తి. గినుంతింగ్, తలిబోంగ్ విసాయాస్‌వి. బరోంగ్ ఆకు ఆకారంలో ఉంటుంది, సులు దీవుల తౌసుగ్ ప్రజలది. కలిస్ లేదా క్రిస్ వంకీల కత్తి, కంపిలాన్ పొడవాటి కత్తి, ఇవి దక్షిణాన మిందనావో, సులు ముస్లిం ప్రజల ఆయుధాలుగా ప్రసిద్ధి. ఒక చేత కత్తి, ఒక చేత బాకు పట్టే సాధన ఎస్పాదా ఇ దాగా.

రెండు పిడుల మధ్య మడిచే బలిసోంగ్ బతంగాస్ రాష్ట్రంలోని తాల్ పట్టణ ప్రాంతానిది. ఇక కరంబిత్ చాలామంది అనుకునేట్టు ఫిలిప్పీన్స్‌ది కాదు. దాని ఊరు ఇండోనేషియాలోని పశ్చిమ సుమత్రా, మినంగ్కబావు ప్రజల పనిముట్టు. ఇవాళ ఫిలిప్పీన్స్ స్కూళ్ళలో నేర్పుతున్నారు కాబట్టి ఈ పొరపాటు. సాధనకు చెక్క, రబ్బరు, పదును లేని అల్యూమినియం నమూనాలు చాలు.

వట్టి చేతులతో చేసేదాన్ని ఏమంటారు?

మానో-మానో అని మామూలుగా. పిడిగుద్దుల భాగాన్ని పనంతుకన్ అంటారు. దుమోగ్ విసాయాస్ కుస్తీ. సికరన్ కాళ్ళతో తన్నే విద్య, రిజాల్ రాష్ట్రంలోని బరాస్ నుంచి వచ్చింది. మిగతా చాలా యుద్ధవిద్యల్లో చేతులు ముందు, ఆయుధం తర్వాత. ఇక్కడ ఆయుధం ముందు.

దోసె పారెస్, బలింతవాక్ ఇవి ఊళ్ళ పేర్లా?

ఒకటి వీధి పేరు. దోసె పారెస్ అంటే పన్నెండుమంది సమానులు, ఫ్రాన్స్ చక్రవర్తి షార్లెమేన్ కథల్లోని పన్నెండుమంది వీరులను గుర్తుచేసే పేరు. 1932లో సెబూలో పెట్టిన సంఘం అది, కన్యెతె కుటుంబం పేరుతో ముడిపడి ఉంది. అక్కడి నుంచి విడిపోయిన వెనాన్సియో 'అంచోంగ్' బేకన్ శిష్యులతో సాధన చేసిన వీధి బలింతవాక్. ఒకే కర్రతో, బాగా దగ్గరి దూరంలో ఆడే ఆ పద్ధతికి వీధి పేరే నిలిచిపోయింది. బలింతవాక్ వాళ్ళ నోట రెండు మాటలు వింటారు: అగాక్, అంటే గురువు శిష్యుడిని నడిపిస్తూ దెబ్బలు అందించే సాధన. కువెంతాదా, అంటే రాబోయే ఎత్తుల్ని ముందే లెక్కవేసి ఎదుటివాణ్ణి ఆ దారిలోకి తోలడం.

సెర్రాదా అంటే మూసినది. పొట్టి కర్రతో దగ్గరగా ఆడే ఈ పద్ధతిని ఏంజెల్ కబాలెస్ కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో నేర్పారు. పెకితి-తిర్సియా నెగ్రోస్ దీవిలోని తోర్తాల్ కుటుంబ విద్య, లియో గాహె దాన్ని బయటి ప్రపంచానికి తీసుకెళ్ళారు.

గురో, తుహోన్, లకాన్... ఎవరిని ఏమని పిలవాలి?

గురో అంటే చాలు, ఎక్కడా తప్పవదు. స్కూల్ పెద్దను పునోంగ్ గురో అంటారు. సెబూలో మాస్టర్, గ్రాండ్‌మాస్టర్ ఎక్కువ వినిపిస్తాయి. తుహోన్ అన్నది పెకితి-తిర్సియా వాళ్ళ పెద్ద బిరుదు, ఆ బిరుదు వాడని పద్ధతి గురువుకు తగిలించకూడదు. మోడర్న్ అర్నీస్‌లో బ్లాక్ బెల్ట్ వచ్చిన మగవాళ్ళను లకాన్, ఆడవాళ్ళను దయాంగ్ అంటారు. లకాన్ ఇసా మొదటి మెట్టు, లకాన్ దలవా రెండోది. బెల్టులు జపాన్ విద్యల ప్రభావంతో వచ్చినవే, పాత తరం గురువుల దగ్గర అవి లేవు.

వాళ్ళను వరసలు పెట్టి పిలిచేవాళ్ళు. బంతయాన్ దీవికి చెందిన అంతోనియో ఇలుస్త్రిసిమోను అందరూ తతాంగ్ అనే పిలిచారు, అంటే నాన్న. పెద్దన్నకు మనోంగ్. మన దగ్గర వయసులో పెద్దవాళ్ళను అన్నా, బాబాయ్ అన్నట్టే.

క్లాసులో వినిపించే ఆజ్ఞలు?

పుగాయ్: వందనం. హందా: సిద్ధం. లబాన్: పోరు మొదలు. తిగిల్: ఆపు. తిగిల్ అనగానే కర్ర ఎక్కడుంటే అక్కడే ఆగాలి, ఇది మర్యాద కోసమే కాదు, భద్రత కోసం కూడా. క్లాసు అయ్యాక సలామాత్ పో అంటారు. సలామాత్ అంటే కృతజ్ఞత. ఆ పో మన అండీ లాంటిది. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు అది లేకపోతే మాట మొరటుగా వినిపిస్తుంది.

పోటీల్లో ఏ మాటలు తెలిసుండాలి?

అన్యో అంటే ఒంటరిగానో, జట్టుగానో ప్రదర్శించే వరస. లబాన్ అంటే ఎదురెదురు పోరు. కొన్ని పోటీల్లో మెత్తటి కవరున్న కర్ర, కొన్నిటిలో తలకూ ఒంటికీ రక్షణ కవచంతో అసలు పేము కర్ర. ఫిలిప్పీన్స్‌లో జరిగిన 2005, 2019 ఆగ్నేయాసియా క్రీడల్లో అర్నీస్‌కు పతకాలిచ్చారు. హ్వేగో తోదో అన్న మాట వింటే అది పోటీ క్రీడ కాదని తెలుసుకోండి: కవచాలు, నియమాలు లేని పాతకాలపు పందెం పోరు.

పోటీ వరసలకు భిన్నంగా, ముందే నిర్ణయించుకోకుండా మనసుకు తోచినట్టు ఒంటరిగా ఆడే సాధనను కరెంసా అంటారు. ఒక గురువు చేసే కరెంసా చూస్తే ఆయన పద్ధతి మొత్తం అర్థమవుతుంది.

మన కర్రసాముకూ దీనికీ సంబంధం ఉందా?

ఒకదాన్నుంచి ఒకటి పుట్టిందని చెప్పే ఆధారం లేదు. కర్రసాములో మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండే పొడుగు కర్రను ఎక్కువగా రెండు చేతులతో తిప్పుతారు. ఇక్కడ ఒంటి చేతి పొట్టి కర్ర. అయితే కర్రసాము వచ్చినవాళ్ళకు మణికట్టు అప్పటికే వదులుగా తిరుగుతుంది కాబట్టి రెదోందా, అబనీకో తొందరగా పట్టుబడతాయి. వాళ్ళు కష్టపడేది కోర్తోలో, ఎదుటివాడి ఊపిరి తగిలేంత దగ్గర నిలబడి ఎడమ చేతిని వాడాల్సి వచ్చినప్పుడు.

ఈ పేర్లను తెలుగులో ఎలా రాయాలి? బాస్టన్ అనా, బస్తోన్ అనా?

బస్తోన్. ఫిలిప్పీన్స్ భాషల్లో త, ద శబ్దాలు మన త, ద లాగే నాలుక పళ్ళకు తగిలి పలుకుతాయి. ఇంగ్లిష్ వీడియోల్లో విని ట, డ రాస్తున్నాం. తాపి-తాపి, దుమోగ్, దాగా అని రాస్తే అక్కడివాళ్ళ ఉచ్చారణకు చాలా దగ్గరగా ఉంటుంది. ఈ విషయంలో తెలుగు లిపి ఇంగ్లిష్ కంటే బాగా పనికొస్తుంది.

ఒకే మాటకు ఇద్దరు గురువులు రెండు అర్థాలు చెప్తే ఎవరి మాట వినాలి?

ఎవరి క్లాసులో ఉంటే వారిది. ఈ విద్య ఒక్కో కుటుంబంలో, ఒక్కో వీధిలో పెరిగింది. అందరికీ వర్తించే నిఘంటువు రాయడానికి ఒక కేంద్రం ఎప్పుడూ లేదు. నోట్‌బుక్‌లో మాట రాసుకునేటప్పుడు పక్కనే మూడు వివరాలు రాసుకోండి: ఏ పద్ధతి, ఏ భాష, ఏ గురువు దగ్గర విన్నది. "ఓలిసి: సెబువానో, కర్ర, దోసె పారెస్ క్లాసు" అన్నట్టు. రేపు ఇంకో క్లాసులో వేరే అర్థం వింటే పాతది కొట్టెయ్యకుండా కింద ఇంకో వరస చేర్చుకోండి.